గంట నాలుక పట్టుకున్న పిల్ల

నిచ్చెన రోడ్డు దాటి, వెనక్కి తిరిగి, తను బొమ్మ వేసిన గోడని మొదటిసారి దూరం నుంచి చూసింది. నోటి దాకా వెళ్ళిన టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది.

గోడ మీద ఉన్నది దర్జీ అక్క.

అనుమానానికి తావు లేదు. ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి లేచి ఉంది. కంటి పక్కన సన్నటి ముడతలు, పై పెదవి మీద కుడివైపు చిన్న గాటు. "నీ మొహం వెయ్యనక్కా, ఒట్టు" అని ఏ మనిషికి మాటిచ్చిందో, ఆ మనిషే అయిదంతస్తుల ఎత్తున నిలబడి, కింద బస్సుల కోసం కాచుకున్న జనాన్ని చూస్తోంది.

నిచ్చెన అసలు పేరు ఇంట్లో వాళ్ళే మర్చిపోయారు. తాటిచెట్టంత మనిషి, పైగా చేసేది గోడల మీద బొమ్మలేసే పని. ఇంక వేరే పేరెందుకు? సంస్కృతి శాఖ వాళ్ళు 'మన కథలు, మన గోడలు' అని ఒక పథకం పెట్టి, ఊరికో గోడ, గోడకో జానపద కథ పంచారు. ఆమె వంతుకి పాత టెలిఫోను భవనం పక్కగోడ వచ్చింది. కథ 'చెట్టులో చెల్లెలు'. దేశంలో ఆ కథ వినకుండా పెరిగిన పిల్లలు ఉండరు. మనిషి తోలు కప్పుకున్న రాక్షసుడు ఒక పిల్లని పెళ్ళాడతాడు. సంగతి తెలిసి ఆ పిల్ల పారిపోతే, ఒక చెట్టు తెరుచుకుని ఆమెని కడుపులో దాచుకుంటుంది.

కాగితం మీద గీసుకున్నప్పుడు ఆ పిల్లకి మామూలు మొహమే పెట్టింది. నున్నగా, ఎవరిదీ కాని మొహం. కానీ అలాంటి మొహం గోడ మీదికి ఎక్కితే చచ్చిపోతుంది, సబ్బు పెట్టె మీద బొమ్మలా ఉంటుంది. లిఫ్టు బండి బుట్టలో నిలబడితే కళ్ళ ముందు మూరెడు గోడే కనిపిస్తుంది. ఆ మూరెడులో ప్రాణం కోసం ఇక్కడో ముడత, అక్కడో గాటు పెట్టుకుంటూ పోయింది. నెల రోజులుగా మధ్యాహ్నం పూట ఎవరి కొట్లో కూర్చుని టీ తాగిందో ఆ మొహాన్నే చెయ్యి దొంగిలించి తెచ్చి గోడకి అంటించింది. తడి రంగు మోసం చేస్తుందని, ఆరేదాకా దూరం నుంచి చూడని అలవాటు ఆమెది. నిన్న చీకటి పడుతుంటే మొహం పూర్తిచేసి, తల తిప్పకుండా ఇంటికి పోయింది. చూడటం ఇప్పుడే.

"ఏంటి మరదలా, నీ బొమ్మకి నీకే దిష్టి తగిలిందా?" లిఫ్టు బండి నీడలో కూర్చున్న బావ అరిచాడు. బావ అంటే ఆమె అక్క మొగుడు. బండి ఆయనది, నడిపేదీ ఆయనే, వాగేదీ ఆయనే.

"బావా, మొహం చెరిపెయ్యాలి. ఇప్పుడే."

"ఎండ దెబ్బ తగిలిందా నీకు?"

"ఎవరి మొహమో సరిగ్గా చూడు."

బావ కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. నోరు తెరిచాడు గానీ, జోకు బయటికి రాలేదు. ఆవిడ సంగతి ఆయనకీ కొంత తెలుసు.

అప్పుడే ఆఫీసరమ్మ కారు దిగింది. శాఖ తరఫున ఈ గోడని చూసుకునేది ఆమే. మొహం వెలిగిపోతోంది.

"నిచ్చెనా! పొద్దున్నే వచ్చి ఫోటో తీసి పెట్టాను. ఒకటే షేర్లు! దేశం మొత్తం నీ గోడనే చూస్తోంది. మంత్రిగారు కూడా లైకు కొట్టారు."

నిచ్చెన టీ గ్లాసు కింద పెట్టేసింది. "తీసెయ్యండి మేడం."

"ఏంటి తీసేది?"

"ఫోటో. మొహం మార్చాలి."

"నీకేమన్నా పిచ్చా? అది మన జానపదానికే మొహం అయి కూర్చుంది. రేపు ప్రారంభం పెట్టుకుని..."

"ఆ మొహం గల మనిషి వెయ్యొద్దని చెప్పింది మేడం. నేనే తప్పు చేశాను. ఆవిడ ప్రాణం మీదికి వస్తుంది."

ఆఫీసరమ్మ ఆమె కళ్ళలోకి చూసి, సెల్లు తీసి, ఫోటో తొలగించింది. అయినా ఇద్దరికీ తెలుసు, పొద్దుట్నుంచి ఎన్ని చేతులు మారిందో ఆ ఫోటో. "చెరుపుకో, నీ ఇష్టం," అంది ఆఫీసరమ్మ నీరసంగా. "రేపటికి గోడ మీద ఏదో ఒకటి ఉండాలి. నేను పైవాళ్ళకి ఏం చెప్పాలో ఏమో."

దర్జీ కొట్టు రోడ్డు మీద కాదు, పక్క సందులో లోపలికి ఉంటుంది. దాని గుమ్మంలో నిలబడితే గోడంతా కనిపించదు. పై మూల, వడ్రంగి పిట్ట ఉన్న కొమ్మ మాత్రమే కనిపిస్తుంది. అందుకే దర్జీ అక్క తనని తాను ఇంకా చూసుకోలేదు.

నిచ్చెన చెబుతున్నంత సేపూ ఆవిడ మిషను ఆపలేదు. పసుపు పచ్చ గుడ్డ సూది కింద పారుతూనే ఉంది. కూతురికి కుడుతున్న గౌను. చివరికి కాలు ఆగింది.

"సెల్లుల్లోకి కూడా పోయిందా?"

"పోయిందక్కా."

"నీకు చెప్పానా లేదా?"

"చెప్పావు."

"చెప్పినప్పుడు తల ఊపావా లేదా?"

నిచ్చెన తల దించుకుంది. చెంప మీద ఒకటి కొట్టినా బాగుండేది. ఆవిడ కొట్టలేదు. లేచి, గోడకి ఉన్న మేకుని వేలితో తడిమింది. దానికి కూతురి స్కూలు సంచి తగిలించే తాడు వేలాడుతోంది.

"ఇప్పటికి ఎన్ని ఊళ్ళు మారానో. ఏ ఇంట్లోనూ గోడకి మేకు కొట్టలేదు. ఎన్నాళ్ళుంటామో తెలీదుగా. ఇక్కడే, మొన్నీమధ్యే, ధైర్యం చేసి కొట్టాను."

"పోలీసులకి చెబుదాం అక్కా."

"ఒకసారి చెప్పాను. మా ఆయన వాళ్ళకి టీ ఇచ్చి, కుర్చీలేసి కూర్చోబెట్టాడు. నాకే నాలుగు మంచి మాటలు చెప్పి ఆయన చేతిలో పెట్టి పోయారు. ఈ గాటు ఆ రాత్రిదే."

"ఎలా ఉంటాడు? వస్తే నేను గుర్తుపట్టాలిగా."

"మంచివాడిలా ఉంటాడు." ఆవిడ మళ్ళీ కూర్చుంది. "నవ్వుతూ, చేతిలో ఎప్పుడూ ఏదో బహుమతితో. పో, ముందు ఆ మొహం చెరిపెయ్. చూడలేదేమో. చూసినా ఏ ఊరో తెలీదేమో. నేనైతే ఇంక పరిగెత్తలేనమ్మాయ్. పిల్లకి ఇక్కడ స్నేహితులున్నారు."

నిచ్చెన పరుగున వెనక్కి వచ్చి, బుట్టలోకి ఎక్కి, మీట లాగింది.

మొహాన్ని తెల్లరంగుతో కొట్టేస్తే గోడకి బొల్లి వచ్చినట్టుంటుంది. అందుకని చెట్టు బెరడునే ముందుకి లాగింది. ముదురు గోధుమ, బూడిద, మళ్ళీ గోధుమ. వెడల్పాటి బ్రష్షుతో గడ్డం నుంచి పైకి బెరడు ఎక్కించుకుంటూ పోయింది. గాటు పోయింది. పెదవులు పోయాయి. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆమె వేసిన అన్ని గోడల్లోనూ అంత బతికున్న కళ్ళు లేవు. పళ్ళు కొరుక్కుని వాటి మీద కూడా బెరడు పరిచింది. చివరికి చెట్టులో ఒక ఆడమనిషి ఒంపు, ఆ ఒంపులోంచి బయటికి వచ్చిన ఒక చెయ్యి మిగిలాయి. ఆ చేతిలో ఒక గంట.

హమ్మయ్య అనుకుంటూ కిందికి చూసింది. బస్టాపులో అందరూ సెల్లుల్లోకి తలలు దూర్చి ఉన్నారు. ఒక్కడు మాత్రం సెల్లునీ గోడనీ మార్చి మార్చి చూస్తున్నాడు. నడివయసు మనిషి, శుభ్రంగా దువ్విన తల, ఇస్త్రీ చొక్కా. చంకలో రిబ్బను కట్టిన బొమ్మ పెట్టె.

నవ్వుతున్నాడు.

చూస్తుండగానే అతను రోడ్డు దాటి బావ దగ్గరికి వచ్చాడు. నిచ్చెన మీట పట్టుకుని బుట్టని దించసాగింది. ఆ బండి నత్తకి చుట్టం. దిగుతుంటే కింది మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"బాగుందండీ బొమ్మ," అంటున్నాడు అతను. "పొద్దున ఫోటోలో మొహం కూడా ఉంది. ఎందుకు తీసేశారు?"

"అదా? అది మా అమ్మ మొహం," అన్నాడు బావ. "పోయిన అమ్మని అలా రోడ్డు మీద నిలబెట్టారేంట్రా అని మా చుట్టాలు గొడవ చేశారు."

"అయ్యో. మీ అమ్మగారికి పెదవి మీద గాటు ఉండేదా?"

"ఉండేది."

"ఏ వైపు?"

బావ తడబడ్డాడు. "రెండు వైపులా."

అతను పకపకా నవ్వాడు. నిజంగా ముచ్చటపడి నవ్వినట్టే ఉంది. బుట్ట నేలకి ఆనగానే నిచ్చెన వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మీరే కదమ్మా ఆర్టిస్టు? చాలా దూరం నుంచి వచ్చాను, మీ బొమ్మ చూసి. బస్సుల బోర్డులు ఫోటోలో పడ్డాయి కాబట్టి ఊరు కనుక్కోవడం కష్టం కాలేదు."

"ఆ మొహం ఎవరిదీ కాదండి. ఊహించి వేశాను. కుదరలేదు, తీసేశాను."

"కుదరకపోవడమేంటి తల్లీ, అంత బాగా కుదిరితే! ఊరికే వేసిన మొహాన్ని ఎవరూ ఇంత హడావిడిగా చెరుపుకోరు." అతని గొంతులో కోపం లేదు. తప్పు చేసిన పిల్లని బుజ్జగిస్తున్నట్టు మాట్లాడుతున్నాడు. "పోనీ మొహం వదిలెయ్యండి. ఆ చేతిలో గంట ఎక్కడిది?"

నిచ్చెన తలెత్తి గోడ మీది చెయ్యి చూసింది.

మొహం సంగతే చూసుకుంది గానీ, గంట మాట తట్టనే లేదు. గోడ వేసే ముందు ఆ వీధిలో వాళ్ళందరి చేతా కథ చెప్పించుకోవడం ఆమె పద్ధతి. అందరిదీ ఒకటే ముగింపు. అన్నలు వచ్చి పిలుస్తారు, చెట్టు తెరుచుకుంటుంది, పిల్ల బయటికి వస్తుంది. ఒక్క దర్జీ అక్క కథే వేరు. ఆవిడ కథలో రాక్షసుడు పెళ్ళాం మెడలో గంట కడతాడు, ఎక్కడ కదిలినా వినపడాలని. ఆ పిల్ల గంట లోపల కొట్టుకునే నాలుకని పిడికిట పట్టుకుని, చప్పుడు కాకుండా పారిపోతుంది. అన్నలు పిలిచినా చెట్టులోంచి రాదు, ఎందుకంటే రాక్షసుడు అన్నల గొంతులు నేర్చేశాడు. చెట్టు మీద వడ్రంగి పిట్ట టకటకమని పొడుస్తూ ఆమె ఊపిరి చప్పుడు బయటికి వినపడకుండా చేస్తుంది. రాక్షసుడు చెట్టు కిందికి వస్తే మాత్రం పొడవడం ఆపేసి కొమ్మకి తలకిందులుగా వేలాడుతుంది. లోపలి పిల్లకి అదే కబురు.

ఆ గంట ఎంత నచ్చిందంటే, కథకి అదే ప్రాణమని గోడ నడిమధ్యన పెట్టుకుంది.

"దేశమంతా తిరిగినవాణ్ణి," అన్నాడు అతను. "గంట ఉన్న కథ మా అత్తగారి ఊళ్ళో తప్ప ఇంకెక్కడా లేదమ్మా. మా ఆవిడ పాపకి చెబుతుంటే పక్క గదిలోంచి వినేవాణ్ణి. ఇప్పుడు వాళ్ళిద్దరూ నాకు దూరంగా ఉన్నారు. మీకు ఈ కథ చెప్పినావిడ ఎక్కడుందో చెబితే, పాప చేతిలో ఈ బొమ్మ పెట్టేసి పోతాను."

బావ నేల చూపులు చూస్తున్నాడు. సందు అక్కడికి కూతవేటు దూరం. నిచ్చెన సందు వైపు చూడకుండా ఉండటానికి మెడ బిగబట్టుకుంది. పరిగెత్తి చెప్పిరాలేదు, అతనూ వెనకే వస్తాడు. ఫోను చేద్దామంటే దర్జీ అక్క ఫోనే పెట్టుకోదు. బావ కదిలినా అతని కళ్ళు బావ మీదికి పోతాయి.

"చెబుతాను," అంది. "కొంచెం రంగు తడిగా ఉంది, పై మూలన ఒక్క పిట్ట సరిచేసుకుని వస్తాను. ఆరితే మళ్ళీ అతకదు. బావా, ఆయనకి టీ ఇప్పించు. దగ్గరుండి."

"దగ్గరుండే తాగిస్తా," అన్నాడు బావ, అతని పక్కన అతుక్కుపోయినట్టు నిలబడుతూ.

బుట్ట పైకి లేచింది. నిచ్చెన మాస్కు పెట్టుకుని, ఆకుపచ్చ స్ప్రేతో పాత పిట్టని ఆకుల్లో కలిపేసింది. నల్ల డబ్బా తీసుకుంది. ముందు కాళ్ళు, కొమ్మని పట్టుకుని. తర్వాత కిందికి వేలాడే ఒళ్ళు. రెక్కలు ముడుచుకుని. ఎర్ర జుట్టు నేల వైపు. సందులోంచి కూడా తెలియాలని మనిషంత పిట్టని వేసింది. వేస్తున్నంత సేపూ వీపు మీద అతని చూపు ఈగలా పాకుతోంది. పక్క గదిలోంచి కథ విన్నానన్నాడు. పిట్ట సంగతి కూడా విన్నాడా? వినుంటే తను వేస్తున్నది కబురు కాదు, దారి చూపించే బాణం గుర్తు.

పైనుంచి సందు మొత్తం కనిపిస్తోంది. స్కూలు వదిలారు. సంచి ఊపుకుంటూ ఒక పిల్ల సందులోకి తిరిగింది. ఈ వేళకి కూతురి కోసం గుమ్మంలోకి రావడం దర్జీ అక్కకి అలవాటు. వచ్చింది. కూతుర్ని చూసి చెయ్యి ఊపింది. నిచ్చెన బుట్టని పక్కకి జరిపింది, పిట్టకి తను అడ్డం కాకుండా.

దర్జీ అక్క తల ఎత్తింది.

చాలాసేపు అలాగే నిలబడిపోయింది. అర్థం కాలేదేమో అనుకుంది నిచ్చెన. అంతలో ఆవిడ కూతుర్ని రెక్క పట్టుకుని లోపలికి లాగేసింది.

నిచ్చెన బుట్టని దించింది. సందులోంచి బస్టాపుకి రావాలంటే రోడ్డు మీదికి రావల్సిందే. ఇంకో దారి లేదు. అంటే ఈ మనిషి వీపు రోడ్డు వైపే ఉండాలి, మొహం గోడ వైపే ఉండాలి. ఎంతసేపు వీలైతే అంతసేపు.

"ఇప్పుడు చెప్పండమ్మా," అన్నాడు అతను, ఖాళీ గ్లాసు బావ చేతికిస్తూ.

"ముందు మీరు చెప్పండి," అంది నిచ్చెన గోడని ఆనుకుని. "నేను విన్న కథ మీదేనో కాదో తెలియాలిగా. మీకు తెలిసిన కథ మొదట్నుంచి చెప్పండి. అప్పుడు మనిషి సంగతి చెబుతాను."

అతను మురిసిపోయాడు. తన కథ చెప్పమని అతన్ని ఎవరూ ఎప్పుడూ అడిగినట్టు లేదు. బొమ్మ పెట్టెని బండి చక్రం మీద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"అందరూ ఆ రాక్షసుణ్ణి ఆడిపోసుకుంటారు గానీ, పాపం వాడు ఇల్లు కట్టాడమ్మా. ఆ పిల్లకి ఏం తక్కువ చేశాడు? తినడానికి, కట్టుకోవడానికి దేనికీ లోటు లేదు. అడవి కదా, తప్పిపోతుందని భయం. అందుకే గంట కట్టాడు. వెండి గంట. ఆ ప్రేమ ఎవరికీ కనిపించదు."

"వెండిదా? నాకు ఇత్తడి అని చెప్పారే."

"వెండే. ఇత్తడి అని చెప్పారంటే అక్కడే ద్వేషం కనిపిస్తోంది చూడండి."

అతని భుజం మీదుగా నిచ్చెనకి సందు మొగ కనిపిస్తోంది. దర్జీ అక్క వచ్చింది. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో పిల్ల. పరిగెత్తడం లేదు, కూరలకి వెళ్తున్నంత మామూలుగా నడుస్తోంది. పిల్ల ఏదో అడుగుతుంటే తల ఊపుతోంది.

"ఆ పిల్ల పారిపోయిందని తెలిశాక రాక్షసుడు ఏం చేశాడు?" అని అడిగింది నిచ్చెన.

"ఏడ్చాడు. అది మాత్రం ఎవరూ చెప్పరు. అన్నం మానేశాడు. ఊరూరా తిరిగాడు. అన్నల గొంతుతో ఎందుకు పిలిచాడంటారు? తన గొంతుతో పిలిస్తే పలకదని. దాన్ని కూడా మోసం అంటారు."

రేవుకి పోయే బస్సు వచ్చి ఆగింది. బావ ఉన్నట్టుండి దగ్గు అందుకున్నాడు. అంత దగ్గు ఆయన జన్మలో దగ్గి ఉండడు. ఆ దగ్గులో బస్సు తలుపు చప్పుడు కలిసిపోయింది. దర్జీ అక్క పిల్లని ఎక్కించి, తనూ ఎక్కింది. గోడ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అయిదంతస్తుల తనని ఆమె చూసుకోనే లేదు.

బస్సు కదిలింది.

"తర్వాత?" అంది నిచ్చెన.

"తర్వాత ఏముంది, చెట్టు కింద కూర్చున్నాడు. ఇప్పటికీ కూర్చునే ఉన్నాడు. మా ఆవిడ పాపకి చెప్పేది, చెట్టు మీద పిట్ట..." అతని కళ్ళు గోడ పై మూలకి పోయాయి. మాట నడిమధ్యలో తెగింది.

నవ్వు పోవడం నిచ్చెన కళ్ళారా చూసింది. నవ్వు పోయాక ఆ మొహంలో ఏమీ లేదు. కాగితం మీద తను గీసుకున్న ఎవరిదీ కాని మొహంలా, నున్నగా ఉంది.

అతను వెనక్కి తిరిగాడు. రోడ్డు చూశాడు. పిట్ట ఎటు కనిపిస్తుందో లెక్కగట్టుకున్నట్టు కోణం చూసుకుని, సందు చూశాడు. పెట్టె తీసుకుని నడిచాడు. నిచ్చెనా బావా వెనకే పరిగెత్తారు.

కొట్టు షట్టరు సగం దించి ఉంది. మిషను మీద దీపం వెలుగుతూనే ఉంది. అతను వంగి లోపలికి దూరి, స్టూలు మీద కూర్చున్నాడు. ఏదీ విసరలేదు, పగలగొట్టలేదు. సూది కింద చిక్కుకున్న పసుపు గౌనుని జాగ్రత్తగా విడిపించి, భుజాల దగ్గర పట్టుకుని ఎత్తి చూశాడు. జానతో పొడుగు కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"ఇంత ఎదిగిందా!" అన్నాడు మెల్లగా. "నేనింకా బొమ్మలతో ఆడుకునే పిల్లే అనుకుంటున్నాను."

"ఓయ్ పెద్దమనిషీ, అది అక్కడ పెట్టు," అన్నాడు బావ. ఆయన గొంతులో మొదటిసారి వెటకారం లేదు.

"నా కూతురి గౌను బాబూ. మీకేంటి?" అతను గౌనుని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపల దోపుకున్నాడు. పెట్టెని మిషను మీద వదిలేశాడు. ఇద్దరి మధ్య నుంచి దారి చేసుకుని బయటికి వచ్చాడు. బావ అతని చొక్కా పట్టుకోబోయాడు గానీ నిచ్చెన ఆపింది. ఇక్కడ గొడవైతే పోలీసులు వస్తారు, పేర్లు అడుగుతారు, ఆవిడ పేరు ఏదో ఒక స్టేషనులో మళ్ళీ చేరుతుంది.

బస్టాపులో అతను ఎవరినీ ఏమీ అడగలేదు. ఒక స్తంభానికి ఆనుకుని, నిచ్చెన మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎందుకలా చూస్తున్నాడో ఆమెకి మొదట తెలియలేదు. కొండ దారి బస్సు వచ్చి ఆగినప్పుడు అర్థమైంది. అతను బస్సు బోర్డు చదివి, వెంటనే ఆమె కళ్ళు చదివాడు. ఎక్కలేదు. తర్వాత మిల్లు దారి బస్సు. మళ్ళీ అంతే. బోర్డు, ఆమె మొహం.

వచ్చే బస్సు రేవుది, దర్జీ అక్క పోయిన దారిదే. దూరంగా దాని దీపాలు కనిపిస్తున్నాయి.

బతుకంతా మొహాలు చదివే బతికింది నిచ్చెన. మొహంలో ఏ కండరం ఎప్పుడు యజమానికి ద్రోహం చేస్తుందో ఆమెకి తెలుసు. తన మొహం తన మాట వినదని కూడా తెలుసు, ఇప్పటికే పెదవులు అదురుతున్నాయి. మెడలో వేలాడుతున్న మాస్కుని కళ్ళ కిందిదాకా లాక్కుంది. టోపీని కనుబొమ్మల మీదికి దించింది. ఇంక కళ్ళు మిగిలాయి. వాటిని తీసుకెళ్ళి గోడ మీద, బెరడు కింద కప్పేసిన మొహం దగ్గర పెట్టింది. అక్కణ్ణుంచి కదపలేదు.

రేవు బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. అతను మెట్టు మీద ఒక కాలు పెట్టి, తల తిప్పి ఆమెనే చూస్తున్నాడని ఆమెకి తెలుస్తోంది. కండక్టరు విసుక్కున్నాడు. "ఎక్కుతారా, దిగుతారా? బస్సుతో ఆటలా?"

కాలు వెనక్కి తీశాడు. బస్సు పోయింది.

తర్వాత వచ్చిన కొండ దారి బస్సు ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చుని, ఆమెకి చెయ్యి ఊపాడు, నవ్వుతూ. ఇంటికొచ్చిన చుట్టం వెళ్ళొస్తానని ఊపినట్టు.

"పీడా పోయింది," అన్నాడు బావ ఊపిరి వదులుతూ. "అటు పోయి కొండలెక్కి చావనీ."

"వస్తాడు బావా. అతనికి తెలిసిన చోటు ఇదొక్కటే."

నిచ్చెన మాస్కు తియ్యలేదు. ఆఫీసరమ్మ ఫోను చేసి, ప్రారంభానికి బ్యాండు మేళం కూడా కుదిరిందని, మొహం లేని అమ్మాయి అంటే కొత్త ఆలోచన అని పైవాళ్ళు మెచ్చుకున్నారని చెప్పింది. నిచ్చెన సరేనంది. ఈ వీధిలో ఇక ముందు ఆ కథ ఎవరు చెప్పినా, గోడ వైపు చెయ్యి చూపించే చెబుతారు. దర్జీ అక్క మాత్రం ఈ వీధిలో ఇంకెప్పుడూ అడుగు పెట్టదు. గోడ ఉన్నా పెట్టదు, కూల్చినా పెట్టదు.

ఇద్దరూ మళ్ళీ సందులోకి వెళ్ళారు. కొట్టు ముందు ఒక ముసలావిడ నిలబడి, తన జాకెట్టు ఇవాళ ఇస్తానందే, ఈ దర్జీ ఎటు పోయిందని గొణుక్కుంటోంది. బావ ఆమెకి ఏదో సర్దిచెప్పి పంపాడు. నిచ్చెన లోపలికి వెళ్ళి మిషను దీపం ఆర్పింది. మేకుకి తాడు అలాగే ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

బావ షట్టరుని కిందిదాకా లాగాడు. కొక్కెం వేశాడు. తాళం కోసం చేత్తో అటూ ఇటూ తడుముకున్నాడు.

"తాళం ఎవరి దగ్గరుందే?" అన్నాడు.

నిచ్చెనకి తెలియదు.